పనిచోట ఆపద వస్తే – ముందుగా వేసుకోవలసిన ప్రణాళిక



ఆసుపత్రి అంటే జబ్బు చేసినవారు వచ్చే చోటు అని అందరం అనుకుంటాం. కాని మా క్యాజువాలిటీకి వచ్చేవారిలో కొందరు ఆ రోజు ఉదయం ఆరోగ్యంగా, క్యారేజీ చేతపట్టుకొని పనికి బయలుదేరినవారే. రైస్‌మిల్లు బెల్టులో చెయ్యి పడినవారు, పరంజా మీదనుండి జారిన తాపీ పనివారు, బేకరీ పొయ్యి దగ్గర కాలినవారు, కరెంటు షాకు తగిలినవారు, మందు పిచికారీ చేస్తూ పొలంలో పడిపోయినవారు వస్తుంటారు. వారిని తీసుకొచ్చిన తోటి పనివారిని అడిగితే తరచుగా వినిపించే మాట ఒకటే: “ఆ సమయంలో ఏం చేయాలో ఎవరికీ తోచలేదండీ.”

తోచకపోవడం వారి తప్పు కాదు. ఆపద వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, బాగా తెలిసిన ఫోను నంబరు కూడా గుర్తుకు రాదు. అందుకే ఆలోచన ముందే జరిగి ఉండాలి. ఆపద వేళ చేయవలసిన పనులను ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించి, కాగితం మీద రాసి, అందరికీ నేర్పి ఉంచడాన్నే ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ అంటారు. మన మాటలో చెప్పాలంటే ఆపత్కాల ప్రణాళిక. ఈ నెల దాని గురించి తెలుసుకుందాం.

బైబిలులో ఒక పనిచోటు

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. నెహెమ్యా గ్రంథము 4వ అధ్యాయం చదివి చూడండి. యెరూషలేము గోడ కడుతున్న పనివారు చాలా దూరం వరకు చెదిరి ఉన్నారు. ఎటునుండి ఆపద వస్తుందో తెలియదు. అప్పుడు నెహెమ్యా ఏం చేశాడు? బూర ఊదేవానిని తన పక్కనే ఉంచుకున్నాడు. బూర శబ్దం ఎక్కడ వినిపిస్తే అక్కడికి అందరూ కూడి రావాలని ముందే చెప్పి ఉంచాడు. పని ఆపలేదు, ప్రార్థనా మానలేదు, కావలి కూడా పెట్టాడు. హెచ్చరిక ఇచ్చే మనిషి, అందరికీ తెలిసిన ఒక శబ్దం, అందరూ చేరవలసిన చోటు. ఈనాడు భద్రతా అధికారులు చెప్పేవి కూడా ఈ మూడే.

“దేవుడే కాపాడతాడు, మనకెందుకు ఇవన్నీ” అని కొందరు విశ్వాసులు మాతో అంటుంటారు. దేవుని మీద భారం వేసినవాడే నెహెమ్యా కూడా.

ఇది పెద్ద ఫ్యాక్టరీలకేనా?

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. చుట్టూ బస్తీల్లో నిద్రపోతున్నవారికి అది ఏ వాయువో, ఎటు వెళ్లాలో చెప్పినవారు లేరు. ఆ విషాదం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన రసాయనాలతో పనిచేసే ఫ్యాక్టరీలు ఆపత్కాల ప్రణాళిక వేసుకోవాలనీ, దానిని పనివారికీ చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయాలనీ అప్పుడే నియమం వచ్చింది.

కాని మన సంఘ కుటుంబాల్లో ఎక్కువమంది పనిచేసేది పెద్ద ఫ్యాక్టరీల్లో కాదు. కుట్టు మిషన్ల షెడ్డు, బట్టల కొట్టు, హోటలు వంటగది, ఇటుక బట్టీ, రొయ్యల ప్లాంటు, కోల్డు స్టోరేజీ, మెకానిక్ షెడ్డు, బడి వంటశాల. ఇక్కడ భద్రతా అధికారి ఉండడు. అయిదుగురు పనిచేసే చోటైనా ఆపద ఆపదే. కనుక ప్రణాళిక మనమే వేసుకోవాలి. దానికి కావలసింది ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, ఒక గంట సమయం.

కాగితం మీద రాయవలసిన ఆరు సంగతులు

1. మన దగ్గర ఏమి జరగవచ్చు?

పనిచోటంతా ఒకసారి నడిచి చూడండి. గ్యాసు సిలిండరు ఎక్కడుంది? మెయిన్ స్విచ్ ఎక్కడుంది? దాని ముందు బస్తాలు పేర్చారా? యాసిడ్, థిన్నర్, పెట్రోలు, పురుగుమందు ఎక్కడ పెట్టారు? వాటి డబ్బాల మీద పేరు ఉందా, లేక కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచారా? సెప్టిక్ ట్యాంకు, సంపు, బావి ఉన్నాయా? పక్కన ఉన్న కంపెనీలో ఏ రసాయనం వాడతారు? ఆరుబయట పని అయితే వేసవిలో వడదెబ్బ కూడా ఈ జాబితాలో ఉండాలి.

2. ఎవరు, ఎలా హెచ్చరించాలి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుండి స్టైరీన్ ఆవిరి లీకయింది. 12 మంది ప్రాణాలు పోయాయి, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. అయినా ఆ వేళ దానిని మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో పేర్కొంది. పరికరం ఉంటే చాలదు, దానిని ఎవరు నొక్కాలో తెలిసి ఉండాలి. చిన్న చోట్ల సైరన్ అక్కర లేదు. ఇనుప పట్టా మీద కొట్టే గంట, ఒక ఈల సరిపోతాయి. మొదట చూసినవారే మోగించాలి. యజమాని అనుమతి కోసం ఆగకూడదు.

3. బయటికి దారి ఏది?

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాంలో మంటలు లేచాయి. పైన నిద్రపోతున్న బీహారు కార్మికులు 11 మంది చనిపోయారు. కిందికి దిగే దారి మంటలున్న గోదాం గుండానే ఉంది. ఒక్కరు మాత్రం కిందికి దూకి బయటపడ్డారు. మరుసటి ఏడాది, 2023 మార్చి 16 సాయంత్రం, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదం జరిగింది. ఆఫీసులో పనిచేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించారు.

నిప్పు కంటే ముందు పొగ చంపుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పుతాడు. అందుచేత:

– ప్రతి పనిచోటుకు రెండు దారులు ఉండాలి. రెండవ దారికి లోపలివైపునుండి తాళం వేయకూడదు, సామాను అడ్డం పెట్టకూడదు.
– రాత్రి కాపలాదారు గాని, పనివారు గాని లోపల పడుకుంటే బయటనుండి షట్టరు వేసి తాళం పెట్టకండి.
– పొగ నిండితే వంగి గాని, పాకుతూ గాని బయటికి రండి. నేలకు దగ్గరగా గాలి కొంత మెరుగుగా ఉంటుంది.
– లిఫ్టు ఎక్కవద్దు. వచ్చేటప్పుడు తలుపులు మూసుకుంటూ రండి.
– సెల్‌ఫోను, పర్సు, ఫైళ్ల కోసం వెనక్కి వెళ్లవద్దు.

4. ఎక్కడ కూడాలి? ఎవరు లెక్కపెట్టాలి?

రోడ్డు అవతలి వేపచెట్టు కావచ్చు, గుడి ముందరి ఖాళీ స్థలం కావచ్చు. ఒక చోటు ముందే నిర్ణయించండి. అది ఫైరింజను వచ్చే దారికి అడ్డం కాకూడదు. ఆ రోజు ఎంతమంది పనికి వచ్చారో తెలిసిన ఒకరు పేర్లు పిలిచి లెక్క చూడాలి. లెక్క తెలియకపోతే రెండు నష్టాలు. లోపల చిక్కుకున్నవారిని మరచిపోవచ్చు, లేదా ఎప్పుడో బయటికి వచ్చేసినవాని కోసం ఇంకొకరు లోపలికి వెళ్లి ప్రాణం పోగొట్టుకోవచ్చు.

5. ఎవరికి ఫోను చేయాలి? ఏమి చెప్పాలి?

అన్ని అత్యవసరాలకు 112. అంబులెన్సుకు 108. అగ్నిమాపక దళానికి 101. ఈ నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాయండి. వాటి కిందే మీ పనిచోటు చిరునామా, దగ్గరి గుర్తు కూడా రాయండి. కంగారులో సొంత వీధి పేరు కూడా నోట రాదు. ఫోనులో నాలుగు సంగతులు చెప్పండి: ఎక్కడ, ఏమి జరిగింది, ఎంతమందికి, వారు మాట్లాడుతున్నారా ఊపిరి తీస్తున్నారా. అవతలివారు చాలనేవరకు ఫోను పెట్టేయవద్దు. ఒక మనిషిని మెయిన్‌రోడ్డు మలుపులో నిలబెట్టండి. సందులు వెతుక్కోవడంలో అంబులెన్సుకు పోయే సమయం మిగులుతుంది.

6. ఎవరి పని ఏది?

“అందరూ చూసుకుంటారు” అంటే ఎవరూ చూసుకోరు. ఎనిమిదిమంది పనిచేసే ఒక బేకరీని ఉదాహరణకు తీసుకుందాం. వారి కాగితం ఇలా ఉండవచ్చు: పొయ్యి దగ్గర పనిచేసేవారు గ్యాసు కట్టేయాలి. కౌంటరులో ఉన్నవారు మెయిన్ స్విచ్ ఆపి, కొనడానికి వచ్చినవారిని బయటికి పంపాలి. పిండి కలిపేవారు 101కు ఫోను చేయాలి. ప్యాకింగు చేసేవారు రోడ్డు మలుపులో నిలబడాలి. ప్రథమ చికిత్స పెట్టె ఒకరు తేవాలి. యజమాని వేపచెట్టు కింద పేర్లు పిలవాలి. ఒకరు సెలవు పెడితే వారి పని ఎవరిది? అది కూడా రాసి ఉంచాలి.

అంబులెన్సు వచ్చేలోగా

ఈ నిమిషాల్లో తోటి పనివారు చేసే పని మీదనే తరువాత మా చికిత్స ఆధారపడి ఉంటుంది.

కాలిన గాయాలు: మామూలు కుళాయి నీటిని 20 నిమిషాలు ధారగా పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, వాచీ తీయండి. అంటుకుపోయిన బట్టను లాగవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె, పేడ పూసి తెచ్చినప్పుడు వాటిని కడిగి తీయడానికి రోగి మరోసారి బాధపడవలసి వస్తుంది. గాయంలో చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరుగెత్తనీయక నేలపై పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి కంబళి కప్పండి.

యాసిడ్, రసాయనాలు: తడిసిన బట్టలు తీసేసి కనీసం 20 నిమిషాలు నీటితో కడగండి. కంట్లో పడితే రెప్పలు విప్పి ఉంచి, నీరు రెండవ కంట్లోకి పోకుండా అంతసేపూ కడగండి. సున్నం వంటి పొడి అయితే ముందుగా దులిపి తరువాత కడగాలి. డబ్బాను గాని, దాని లేబులును గాని వెంట తీసుకురండి.

పురుగుమందు: కడుపులోకి పోయిందని వేలు పెట్టి, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒంటిమీద పడితే బట్టలు మార్చి సబ్బుతో కడిగి వెంటనే తీసుకురండి.

కరెంటు షాకు: ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో తీగను తప్పించండి. హైటెన్షన్ తీగ అయితే కరెంటు ఆగేవరకు దగ్గరికే వెళ్లవద్దు. మనిషి బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకురండి. గుండె లయ తరువాత కూడా దెబ్బతినవచ్చు.

ఊపిరి ఆగితే: పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే వెంటనే 108కి చెప్పించండి. గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగంమీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కండి. సహాయం వచ్చేవరకు ఆపవద్దు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

రక్తస్రావం, తెగిన వేలు: శుభ్రమైన గుడ్డతో గాయంమీద గట్టిగా నొక్కి పట్టుకోండి. మాటిమాటికి తీసి చూడవద్దు. చెరకు రసం మిషనులోగాని, మిల్లులోగాని వేలు తెగిపోతే, తెగిన ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి తీసుకురండి. వేలిని నేరుగా ఐసులో వేయకూడదు.

ఎత్తునుండి పడితే: కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదించవద్దు. వెన్నెముక విరిగి ఉంటే అలా ఎత్తడం వల్ల జీవితాంతం కాళ్లు పడిపోవచ్చు. అక్కడ వేరే అపాయం లేకపోతే తల, మెడ కదలకుండా పట్టుకొని 108 వచ్చేవరకు ఆగండి.

వడదెబ్బ: నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా నీళ్లు పోస్తూ విసరండి. తెలివి లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

గ్యాసు లీకైతే

వంటగ్యాసు గాలికంటే బరువైనది, నేలమీద పరుచుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవండి. లైటు స్విచ్ వేయవద్దు, ఆపవద్దు కూడా. రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. ఫోను బయటికి వచ్చాకే చేయండి.

కోల్డు స్టోరేజీ, రొయ్యల ప్లాంటుల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. ఘాటైన వాసన, కళ్ల మంట మొదలుకాగానే గాలి ఎటునుండి వీస్తోందో చూడండి. లీకైన చోటునుండి గాలి మీవైపు వీస్తుంటే పక్కకు, అడ్డంగా నడిచి ఆ గాలిదారి తప్పించుకోండి. ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుంటే కొంత ఉపశమనం కలుగుతుంది, అయితే అది మాస్కుకు బదులు కాదు.

సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోలు, పాడుబావి

దీనిని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ చనిపోయేవారిలో కాపాడబోయినవారు కూడా ఉంటారు. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లో మ్యాన్‌హోలులో దిగిన కార్మికులతోపాటు వారిని పైకి తీయబోయిన ఒక క్యాబ్ డ్రైవరు కూడా మరణించాడు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీలో ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

అటువంటి గుంతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది, ప్రాణవాయువు ఉండదు. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. కాసేపటికి ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు మూడు శ్వాసల్లోనే కూలిపోతాడు. కళ్లముందు తమ్ముడు, కొడుకు పడిపోతే దూకకుండా ఉండడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా దిగవద్దు. 101కు, 112కు చెప్పండి. పైనుండే తాడు అందించగలిగితే అందించండి. అసలు మనుషులను ఆ పనికి దించనే కూడదు, యంత్రాన్ని పిలిపించండి. 2013 చట్టం ప్రకారం తగిన రక్షణ లేకుండా మనిషిని అందులోకి దించడం నేరం.

మన రోగులకు ఒక మాట

మధుమేహం, ఫిట్స్, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు పనిచోట ఇద్దరికైనా ఆ సంగతి చెప్పి ఉంచండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఇన్సులిన్ వాడేవారు చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే తాగినట్లు అనుకోకుండా వెంటనే చక్కెర నీళ్లు తాగించాలని పక్కవారికి తెలిసి ఉండాలి. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు, ఇనుప ముక్క పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు. యంత్రానికి, నిప్పుకు దూరంగా జరిపి, తలకింద గుడ్డ పెట్టి, కుదుపులు తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా ఆసుపత్రికి తీసుకురండి. మీ రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి.

మన మందిరాలు కూడా పనిచోట్లే

క్రిస్మసు, కన్వెన్షను రోజుల్లో మందిరంలో వందలమంది కూడతారు. కొవ్వొత్తులు, తాత్కాలిక వైరింగు, జనరేటరు, ప్రేమవిందు కోసం పెద్ద పొయ్యిలు, షామియానాలు. సంఘపెద్దలు ఆ వారం ముందే రెండు తలుపులూ తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. వంట షామియానాకు దూరంగా పెట్టించాలి. జనరేటరును గది లోపల నడపకూడదు. యౌవనస్థులలో నలుగురికి ముందే పనులు అప్పగించండి. మంటలనార్పే సిలిండరు వాడడం వారికి నేర్పించండి: పిన్ను లాగాలి, గొట్టం మంట మొదలుకు గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపుతూ చల్లాలి. మంట చిన్నదిగా ఉండి, బయటికి దారి మన వెనుక ఉన్నప్పుడే ఇది చేయాలి. నూనె మంటమీద, కరెంటు మంటమీద నీళ్లు పోయకూడదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవానికి దేవుడు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. మిద్దెచుట్టూ పిట్టగోడ కట్టించమన్నాడు, ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని హెచ్చరించాడు. పనివారిని పెట్టుకున్న విశ్వాసులు ఈ మాటను తమ షెడ్డుకు, గోదాముకు, పొలానికి కూడా అన్వయించుకోవాలని మా మనవి.

కాగితం గోడమీదే ఉండిపోకూడదు

ప్రణాళిక రాసిన వారంలోనే ఒకసారి గంట కొట్టి అందరూ బయటికి వచ్చి చూడండి. ఎంతసేపు పట్టింది? ఎవరు ఫోను కోసం వెనక్కి వెళ్లారు? ఏ తలుపు తెరుచుకోలేదు? అక్కడ బయటపడిన లోపాలను సరిచేయండి. ఆరు నెలలకొకసారి మళ్లీ చేయండి. కొత్తగా పనిలో చేరినవారికి మొదటి రోజే రెండు దారులూ, కూడే చోటూ చూపించండి. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, గాజుగుడ్డ, బ్యాండేజీలు, కత్తెర, చేతి తొడుగులు ఉన్నాయో లేదో నెలకొకసారి ఒకరు చూడాలి.

ఈ పుటను చదివి పక్కన పెట్టకుండా, మీ ఇంట పనికి వెళ్లే ప్రతివారిని ఈ రాత్రి భోజనం దగ్గర ఒక ప్రశ్న అడగండి: “మీ పనిచోట నిప్పంటుకుంటే మీరు ఏ దారిన బయటికి వస్తారు?” జవాబు వెంటనే రాకపోతే రేపే ఆ దారి చూసి రమ్మనండి. పనికి వెళ్లిన ప్రతి ఒక్కరు సాయంకాలం క్షేమంగా ఇల్లు చేరునట్లు ప్రభువు కాపాడును గాక. ఆమేన్.